450 వోల్టుల మీట దగ్గర

[తెరపై: 30 మీటలు వరుసగా ఉన్న పెట్టె. మొదటి దాని మీద 15, చివరి దాని మీద 450.]

ఈ పెట్టె ముందు కూర్చున్న మనిషికి, తాను జ్ఞాపకశక్తి మీద జరుగుతున్న పరిశోధనలో పాల్గొంటున్నానని చెప్పారు. పక్క గదిలోని వ్యక్తి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా 15 వోల్టుల చొప్పున పెంచుతూ షాక్ ఇవ్వడం ఇతని పని. 300 వోల్టుల దగ్గర గోడను బాదిన చప్పుడు వినిపిస్తుంది; కాసేపటికి అదీ ఆగిపోతుంది. నిజానికి పక్క గదిలో ఎవరికీ షాక్ తగలడం లేదు, అక్కడున్నది పరిశోధకుల మనిషే.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ఈ ప్రయోగంలో, 1963లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 40 మందిలో 26 మంది చివరి మీట దాకా వెళ్లారు. పైవారి ఆజ్ఞలే పాటించానని చెప్పుకున్న నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్ విచారణ జరిగిన రోజులవి కావడంతో, మామూలు మనుషులు కూడా ఆజ్ఞకు గుడ్డిగా తలవంచుతారన్న మాట ఈ అంకె వెంట స్థిరపడిపోయింది.

ఆ మాట తొందరపాటుదని నా అభిప్రాయం. పాల్గొన్నవారు వెనుకాడినప్పుడు పరిశోధకుడు వరుసగా నాలుగు మాటలు చెప్పేవాడు. వాటిలో రెండోది 'ప్రయోగానికి మీరు కొనసాగించడం అవసరం' అన్నది; నాలుగోది 'మీకు వేరే దారి లేదు, కొనసాగించి తీరాలి' అన్నది. అసలైన ఆజ్ఞ ఈ చివరిదే. అయితే అమెరికా మనస్తత్వవేత్త జెర్రీ బర్గర్ ఇదే ప్రయోగాన్ని మార్పులతో మళ్లీ చేసినప్పుడు, నాలుగో మాట విన్నవారిలో ఒక్కరూ కొనసాగలేదు. అంతదాకా వచ్చినవారు అప్పటికే వెనుకాడుతున్నారన్నది నిజమే. అయినా మనుషులను ముందుకు నడిపినది ఆజ్ఞ కన్నా, శాస్త్రం కోసం మంచి పని చేస్తున్నామన్న నమ్మకమేనని వాదించే పరిశోధకులకు ఇది బలమైన ఆధారం. మిల్‌గ్రామ్ చేసిన మరో రూపంలో, తోటివారు ఇద్దరు ఎదురుతిరిగి లేచిపోగానే, చివరిదాకా వెళ్లినవారు 40 మందిలో నలుగురికి తగ్గిపోయారు.

[తెరపై: తెల్ల తెర, ఏ బొమ్మా లేదు.]

శాస్త్రం కోసమన్న ఆ సమర్థనతోనే, ఎదుటి మనిషి బాధపడుతున్నా ఆపకుండా సాగినవారు మరొకరున్నారు: పరిశోధకులు. పాల్గొన్నవారు చెమటలు పట్టి, వణికి, తడబడ్డారని, ముగ్గురికి అదుపు తప్పిన మూర్ఛల వంటివి వచ్చాయని మిల్‌గ్రామే రాశారు. దీన్ని 1964లో మరో మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ గట్టిగా విమర్శించారు. తరువాత పంపిన ప్రశ్నావళికి జవాబిచ్చినవారిలో 84 శాతం మంది పాల్గొన్నందుకు సంతోషమేనన్నారని మిల్‌గ్రామ్ బదులిచ్చారు. నన్ను ఆ అంకె ఒప్పించదు, ఎందుకంటే తరువాత కలిగిన సంతోషం ముందే అడగాల్సిన అనుమతికి బదులు కాలేదు. పైగా షాక్ ఉత్తదేనన్న సంగతి చాలామందికి నెలల తరువాత గానీ తెలియలేదు.

1971లో మనస్తత్వవేత్త ఫిలిప్ జింబార్డో స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థులనే కాపలాదారులుగా, ఖైదీలుగా పెట్టి నడిపిన నకిలీ జైలు, రెండు వారాలనుకున్నది, ఆరు రోజులకే ఆగింది. కాపలాదారులకు కఠినంగా ఉండమని ముందే సూచనలు అందాయని తేలాక, పరిస్థితే మనుషులను క్రూరులుగా మారుస్తుందనడానికి దాన్ని రుజువుగా చూపడం కష్టమే.

2009లో ఫలితాలు ప్రచురించిన బర్గర్ మాత్రం, మానసికంగా దెబ్బతినే అవకాశమున్నవారిని ముందే తప్పించి, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చని పదేపదే చెప్పి, 150 వోల్టులకే హద్దు గీశారు. మిల్‌గ్రామ్ ప్రయోగంలో ఆ గీత దాటినవారిలో అత్యధికులు చివరిదాకా వెళ్లారు కనుక, అంతకు మించి చూడనక్కరలేదన్నది ఆయన లెక్క. 70 శాతం మంది ఆ గీత దాటబోయారు. వెంటనే ప్రయోగం ఆపి, షాక్ ఏదీ లేదని కొద్ది క్షణాల్లోనే వారికి చెప్పేశారు.