ఓస్లో బిల్లు కౌంటర్ దగ్గర మొదలయ్యే నార్వేజియన్

[తెరపై: ఓస్లోలో ఒక సూపర్‌మార్కెట్, బిల్లు కౌంటర్ ముందు చిన్న వరుస]

ఇక్కడ మిమ్మల్ని అడిగే ప్రశ్నలు మహా అయితే మూడు. అవి దాదాపు రోజూ ఇవే. వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు, ముందు వీటిని చెవికి పట్టించండి.

"విల్ దూ హా పూసె?" అంటే సంచి కావాలా అని. "విల్ దూ హా క్వితేరింగ్?" అంటే రసీదు కావాలా అని. కోప్ దుకాణాలు సభ్యుల సహకార సంఘానివి కాబట్టి అక్కడ "ఆర్ దూ మేద్‌లెమ్?" అని కూడా అడుగుతారు, సభ్యులేనా అని. జవాబు "యా తక్" లేదా "నాయ్ తక్". చివర్లో వాళ్లు "హా ఎన్ ఫీన్ దాగ్" అంటే మీరు "ఈ లీకె మోతె" అనండి, మీకూ అలాగే అని.

[తెరపై పెద్ద అక్షరాల్లో: తక్. పక్కన కొట్టేసిన టక్]

ఇక్కడే మనవాళ్లు జారతారు. ఇంగ్లిష్ మాటల్లోని టీ అక్షరాన్ని 'ట'గా పలకడం అలవాటై, "టక్" అంటారు. నార్వేజియన్‌లో అది పళ్లకు తగిలే 'త'. 'ట' కూడా ఉంది, కానీ దాని చోటు వేరు: ఓస్లో వైపు 'ర' తర్వాత త, ద, న, స వస్తే రెండూ కలిసిపోయి ట, డ, ణ, ష అవుతాయి. పిల్లలు "బాణ్", నలభై "ఫొట్టి", భాష పేరు "నొష్క్". ముప్పై మాత్రం "త్రెత్తి", ఎందుకంటే అక్కడ త ముందు ర లేదు. ఈ తేడా వినడానికి, పలకడానికి చాలామంది విదేశీయులు తంటాలు పడతారు. తెలుగు నాలుకకు రెండూ పుట్టుకతో వచ్చినవే, వాడుకోండి. పడమటి తీరంలోని బెర్గెన్ నగరంలో 'ర' గొంతులోంచి వస్తుంది, అక్కడ ఈ సూత్రం పనిచేయదు.

[తెరపై: కాఫీ కౌంటర్]

"దయచేసి" అనే మాట కోసం వెతక్కండి. నిఘంటువులో దొరికే "వాషో స్నిల్" కాఫీ అడిగేటప్పుడు వాడితే బతిమాలినట్టు ఉంటుంది. "కన్ యాయ్ ఫో ఎన్ కఫ్ఫె, తక్" చాలు, మర్యాదంతా ఆ చివరి మాటలోనే ఉంది. మీరు, నువ్వు అన్న తేడా కూడా వాడుకలో లేదు. పై అధికారైనా, పిల్లల టీచరైనా "దూ"నే, పిలుపు మొదటి పేరుతోనే. మనకు మొదట్లో నోరు రాదు గానీ, వాళ్లకు అందులో అమర్యాదేమీ కనిపించదు.

భోజనం అయ్యాక వండినవాళ్లకు "తక్ ఫొర్ మాతెన్" చెప్పాలి. చెప్పకుండా లేస్తే వెలితిగా ఉంటుంది. జవాబుగా "వెల్ బెకొమ్మె" వస్తుంది. ఆ ఇంటివాళ్లే మళ్లీ ఎక్కడైనా కలిస్తే మొదటి మాట "తక్ ఫొర్ సిస్త్", పోయినసారి కలిసినందుకు.

[తెరపై: గోడ గడియారం, ఏడున్నర]

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. "హల్ ఒత్తె" మాటకు మాట చూస్తే 'అర ఎనిమిది'. మనం ఎనిమిదిన్నర అనుకుంటాం. కానీ అది ఏడున్నర, ఎనిమిదో గంటలో సగం అయిందని లెక్క. దాని చుట్టూ ఉన్న నిమిషాలనూ ఆ అరగంట నుంచే కొలుస్తారు: "ఫెమ్ పో హల్ ఒత్తె" 7:25, "ఫెమ్ ఓవెర్ హల్ ఒత్తె" 7:35. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఫోన్‌లో తీసుకుంటే అంకెల్లో మరోసారి చెప్పించుకోండి.

అంకెల విషయంలో మనకు ఒక వెసులుబాటు ఉంది. 1951లో ప్రభుత్వం లెక్కపెట్టే పద్ధతిని మార్చింది, అప్పటినుంచి అధికారికంగా పదులు ముందు, ఒకట్లు తర్వాత, మన ఇరవై ఒకటి లాగే. పెద్దవాళ్లలో కొందరు ఇప్పటికీ తలకిందులుగా, 'ఒకటీ ఇరవై' అన్నట్టు చెబుతారు.

[తెరపై: నార్వే పటం]

మాట్లాడటానికి అధికారిక ప్రమాణ యాస అంటూ లేదు. 'నేను' ఓస్లోలో "యాయ్", బెర్గెన్‌లో "ఏగ్". ట్రోండ్‌హైమ్, ట్రోమ్సోలకు వెళ్తే, ఆ-ఏల మధ్య పలికే ఒక్క అచ్చు. టీవీలో కూడా ఎవరి యాస వాళ్లదే. కాబట్టి మాట్లాడటానికి మీ ఊరి యాస ఒక్కటే పట్టుకోండి, మిగతావి అర్థమైతే చాలు. ఉత్తరాదిన ఎవరైనా "యా" అంటూ ఊపిరి లోపలికి పీలిస్తే కంగారు పడకండి, అది అవునని చెప్పడమే.

అర్థం కాకపోతే "వా సా దూ?" అనండి, ఏమన్నారు అని. మీరు తడబడగానే చాలామంది ఇంగ్లిష్‌లోకి మారిపోతారు, మీకు సాయం చేద్దామనే. అప్పుడు నవ్వుతూ "కన్ వీ స్నక్కె నొష్క్?" అని అడగండి, నార్వేజియన్‌లో మాట్లాడుకుందామా అని. దాదాపు ఎవరూ కాదనరు, పైగా మాటల వేగం కూడా తగ్గిస్తారు.