ఫోనుతో తీసిన కంచె

హోస్ట్: నమస్కారం. చెన్నై సాలిగ్రామంలో, ఒక ఎడిటర్ గారి గదిలో ఉన్నాం. ఆయన సొంత ఊరు నెల్లూరు. ఈ వారం బెహ్రూజ్ బూచానీ గురించి. ఎవరండీ ఆయన?

ఎడిటర్: ఇరాన్‌కు చెందిన కుర్దు పాత్రికేయుడమ్మా. సాటి విలేకరులను పట్టుకుపోయాక 2013లో దేశం వదిలాడు. పడవెక్కి ఆస్ట్రేలియాకు బయలుదేరితే, ఆస్ట్రేలియా ప్రభుత్వం తీసుకెళ్లి పాపువా న్యూగినీలోని మానస్ ద్వీపంలో, నిర్బంధ శిబిరంలో పడేసింది.

హోస్ట్: అక్కడ ఉండగానే సినిమా తీశాడు కదా?

ఎడిటర్: ఎడిటర్‌గా నాకు మతిపోయే సంగతి అదే. దొంగచాటుగా సంపాదించిన ఫోనుతో తీసి, ముక్కలు ముక్కలుగా వాట్సాప్‌లో నెదర్లాండ్స్‌లో ఉన్న ఆరష్ కమాలీ సర్వెస్తానీకి పంపేవాడు. ఇద్దరూ కలిసి దర్శకులు. 2017లో 'చౌకా, ప్లీజ్ టెల్ అస్ ద టైమ్' అని వచ్చింది. చౌకా అంటే ఆ ద్వీపంలోని ఒక పక్షి. ఇక్కడ నాకు ఒక క్లోజప్ తక్కువైతే ఫోను చేసి అడుగుతాను, మర్నాడు తీసుకొస్తారు. అక్కడ కావలివాళ్ల కంటపడకుండా ఫోను పైకెత్తడమే గగనం.

హోస్ట్: నేను చూశాను. నిజం చెప్పాలంటే మధ్యలో విసుగొచ్చింది.

ఎడిటర్: రావాలి కదమ్మా! ఖైదీ అయితే విడుదల తేదీ చూసుకుని రోజులు లెక్కపెట్టుకుంటాడు. వీళ్లకు ఆ తేదీయే లేదు. ఆ శిబిరం కంచె అంతసేపు తెరమీద ఉండటం అందుకే. మనమైతే ఇంటర్వెల్ ముందు ఒక ఏడుపు పెట్టి, వెనక వయొలిన్ వాయించేవాళ్లం.

హోస్ట్: బయటపడింది సినిమా వల్ల కాదేమో?

ఎడిటర్: పుస్తకం వల్లనుకోండి. అదీ ఫోనులోనే, ఫార్సీ సందేశాలుగా రాశాడు. 2019 జనవరిలో విక్టోరియా రాష్ట్ర సాహిత్య పురస్కారం వచ్చింది. బహుమతి ఇచ్చిన దేశంలో అడుగుపెట్టే వీలు మాత్రం అప్పట్లో లేదు! ఆ నవంబరులో సాహిత్య కార్యక్రమానికని న్యూజిలాండ్ వెళ్లాడు, 2020 జులైలో అక్కడే ఆశ్రయం దొరికింది. తాను బయటపడ్డా నిర్బంధ శిబిరాల మీద పోరు మానలేదు.

హోస్ట్: మన దగ్గర ఇలాంటి సినిమా ఎందుకు రాదు?

ఎడిటర్: నెల్లూరు రైలు గుమ్మిడిపూండి మీదుగానే వెళ్తుంది. అక్కడ శ్రీలంక తమిళుల శరణార్థి శిబిరం ఉంది. 1983 తర్వాత మొదలైన వలస అది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లలోనూ చాలామందికి పౌరసత్వం లేదు. 2021లో 'పునరావాస శిబిరాలు' అని పేరు మార్చారు, అంతే. మనవాళ్లు తీస్తే వాళ్ల గురించి తీస్తారు. వాళ్లలో ఒకరు ఫోనుతో తీసి తెస్తే, పైసా తీసుకోకుండా ఎడిటింగ్ చేసిపెడతాను.

హోస్ట్: రికార్డవుతోంది, చూసుకోండి.

ఎడిటర్: కానివ్వమ్మా. అది మాత్రం కత్తిరించకండి.