కోటలో పెళ్లి పెట్టుకోవాలనుందా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చూడండి

(దృశ్యం: తెల్లవారుజామున కొండపల్లి కోట. మూడంతస్తుల బురుజు మీద ఎండ పడుతుంటుంది. కింద ఊరు, దూరంగా పొలాలు.)

నమస్తే అండీ. వెనక కనిపిస్తున్నది మన కొండపల్లి కోట. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించిన గిరిదుర్గం ఇది. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా గంటలోపే వచ్చేయొచ్చు.

నేను బెజవాడలో పెళ్లి పనులు చేయిస్తుంటాను. ఈమధ్య గుంటూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, ఫంక్షన్ హాల్లో వద్దు, నాకు కోటలో పెళ్లి కావాలి. కొండపల్లి కోటలో కుదురుతుందా?" అని అడిగింది. ఆ పిల్ల గొంతులో ఆశ విని, ఫోన్లో తేల్చేయడం ఇష్టం లేక ఇంటికి రమ్మన్నాను. ఆ రోజు తనకి చెప్పినవే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ముందుగా కొండపల్లి సంగతి. కుదరదు. ఇది పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడం. గోల్కొండ, గండికోట లాంటివి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంటాయి. అలాంటి చోట్ల కేంద్రం రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప విందులు, రిసెప్షన్లు, పార్టీలు జరపకూడదని 1959 నుంచే నిబంధన ఉంది. అది ఉండాలి కూడా. ఒక్క రాత్రి డెకరేషన్ కోసం సున్నపు గోడకి కొట్టే మేకు ఆరు వందల ఏళ్ల గచ్చును ఊడదీస్తుంది. ఆ పని నా చేతుల మీదుగా జరగడం నాకిష్టం లేదు.

(దృశ్యం: మ్యాప్ మీద హైదరాబాద్, జైపూర్, నీమ్రానా.)

మరి కోటలో పెళ్లిళ్లు ఎక్కడ జరుగుతున్నాయి? ఎక్కువగా హోటళ్లుగా మార్చిన కోటల్లో, మహళ్లలో. రాజస్థాన్‌లో నీమ్రానా కోట 1464 నాటిది, 1991 నుంచి హోటల్. జోధ్‌పూర్ ఉమైద్ భవన్ 1943లో పూర్తయిన ప్యాలెస్. ప్రియాంకా చోప్రా పెళ్లి 2018లో అక్కడే జరిగింది. మనకి దగ్గరలో అయితే హైదరాబాద్ ఫలక్‌నుమా. గుట్ట మీది ఈ రాజభవనం 2010లో హోటల్ అయింది, అందులో గదులు 60. ఈ 60 అనే అంకె గుర్తుంచుకోండి, తర్వాత దీని దగ్గరికే వస్తాం.

ఇక్కడో తేడా చెప్పాలి. కోట వేరు, మహల్ వేరు. మహల్ కట్టింది అతిథుల కోసం. మెట్లు వెడల్పుగా ఉంటాయి, గుమ్మం దాకా బండి వస్తుంది. కోట కట్టింది శత్రువు లోపలికి రాకుండా. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టకుండా దారిని మలుపులు తిప్పారు, ద్వారాలు ఇరుకు చేశారు, ఎక్కేవాడికి ఆయాసం వచ్చేలా ఏటవాలు పెట్టారు. ఆ ఏనుగుని ఆపిన మలుపే ఇవాళ మీ పూల లారీనీ, వంట సామాను వ్యాన్‌నీ కింద ఆపేస్తుంది. అక్కడి నుంచి పైకి అంతా కూలీల భుజాల మీదే. కొటేషన్‌లో ఆ కూలి రాసి ఉండదు, అడిగి రాయించుకోండి.

(దృశ్యం: రాతి మెట్ల మీద వెదురు బుట్ట. పక్కన టేపుతో కొలుస్తున్న చేతులు.)

మన పెళ్లికి ప్రత్యేకంగా ఒక కొలత ఉంది. పెళ్లికూతురి బుట్ట. గౌరీపూజ అయ్యాక మేనమామలు అమ్మాయిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తారు కదా. ఫంక్షన్ హాల్లో అది యాభై అడుగులు. కోటలో ఎంత?

రాజస్థాన్‌లో ఒక కోట హోటల్లో మావాళ్ల పెళ్లి చేయించాను. గౌరీపూజకి ఇచ్చిన గది పై అంతస్తులో, మండపం కింద ముంగిట్లో. మధ్యలో ముప్పై ఎనిమిది మెట్లు, ఒకచోట మెలిక. ముందురోజు మధ్యాహ్నం లెక్కపెట్టి పెద్దమామయ్యకి చెబితే, "ఏం పర్లేదమ్మా, ఇద్దరం ఉన్నాంగా" అన్నారు. ఆయనకి అరవై రెండేళ్లు, షుగర్. అసలు సమయానికి ఆ మెలిక దగ్గర బుట్ట గోడకి తగిలి ఆగిపోయింది. అటు తిప్పితే ఈయన వెనక్కి, ఇటు తిప్పితే ఆయన ముందుకి. పిల్ల బుట్ట అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. చివరికి మెలిక దగ్గర దించి, నాలుగు మెట్లు నడిపించి, కింద మళ్లీ ఎక్కించాం. మామయ్య మొహం చూడలేకపోయాను. మేనకోడల్ని మండపం దాకా మోయడం ఆయన పాతికేళ్ల కోరిక. ఒక్క టేపు ముందే పట్టుకుంటే, మండపం పక్కనే ఇంకో గది అడిగి ఉండేదాన్ని. తప్పు నాదే.

అందుకే ఇప్పుడు ఏ కోట చూడటానికి వెళ్లినా మొదట బుట్ట కొలత పట్టుకుని వెళ్తాను. రెండోది, ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లలో ఒకర్ని వెంట తీసుకెళ్తాను. అమ్మమ్మ ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుందో అక్కడ కుర్చీ వేయించాలి. ఎక్కలేనంటే ఆ చోటు వద్దు. లిఫ్ట్ ఉందా, వీల్‌చెయిర్ దారి ఉందా అని ఫోన్లో అడిగితే "ఉంది మేడమ్" అనేస్తారు. అది వంటింటి వెనక సామాను లిఫ్ట్ అని వెళ్తే గానీ తెలియదు.

(దృశ్యం: పంచాంగం పేజీ మీద వేలు.)

ఇక ముహూర్తం. అసలు చిక్కంతా ఇక్కడే.

రాజస్థాన్ కోటల్లో పెళ్లికి వాతావరణం బాగుండేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అందులో మనకి డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, పుష్యం కూడా శూన్యమాసమే. అంటే మిగిలేది కార్తీకం, మార్గశిరం మొదటి రోజులు, తర్వాత మాఘం. వీటిలో మూఢం వస్తే ఇంకొన్ని రోజులు పోతాయి. దేశంలో అందరి పెళ్లిళ్లూ ఆ కాసిన్ని రోజుల మీదే పడతాయి కాబట్టి రేటు ఆకాశంలో ఉంటుంది. కాబట్టి కోట ఖాళీ ఉన్న తేదీకి ముహూర్తం వెతకొద్దు. పురోహితుడి దగ్గర నాలుగైదు ముహూర్తాలు రాయించుకుని, వాటితో కోటలకి ఫోన్ చేయండి.

తేదీ దొరికింది, మరి టైము? మన లగ్నాలు రాత్రి పదకొండుకో, తెల్లవారుజామున మూడింటికో పడుతుంటాయి. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 నుంచి ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లే కాదు, వాయిద్యాలూ మోగించకూడదు. ప్రత్యేక పండగ రోజుల్లో ప్రభుత్వం సడలిస్తే అది వేరు. నాలుగు వైపులా మూసిన హాలైతే లోపల వాయించుకోవచ్చు. మంగళసూత్రం కట్టే క్షణాన గట్టిమేళం లేకపోతే మన పెళ్లి ఏం పెళ్లి అండీ? అందుకే రాత్రి లగ్నమైతే, కోట లోపల మూసిన దర్బారు హాలు ఉందా అని అడగాలి. నక్షత్రాల కింద మండపం ఫోటోకి అందంగానే ఉంటుంది, అది ఎదురుకోలుకో సంగీత్‌కో సాయంత్రం వాడుకోండి.

(దృశ్యం: హోమగుండం. ఇత్తడి గిన్నెలో నెయ్యి.)

హాలు అనగానే ఇంకో ప్రశ్న వస్తుంది. హోమం. కార్పెట్లు, చెక్క పైకప్పు, పాత చిత్రాలున్న హాల్లో నిప్పు వెలిగించనివ్వరు. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు గానీ చిన్న రాగి గుండం, కింద ఇసుక పళ్లెం, పక్కన ఫైర్ సిలిండర్‌తో మనిషి ఉండాలంటారు. అది మంచిదే, ఒప్పుకోండి. అంగీకారం వాట్సాప్‌లో కాదు, ఒప్పందం కాగితంలో ఉండాలి. పొగకి అలారం మోగుతుందేమో కూడా అడగండి.

నేను చెప్పిన ఆ పెళ్లి డిసెంబరు మొదటి వారంలో జరిగింది. లగ్నం తెల్లవారుజామున నాలుగింటికి. పట్టుపంచె, పైన ఉత్తరీయం, అంతే. పెళ్లికొడుకు పళ్లు కొట్టుకుంటున్నాయి. శాస్త్రిగారు మంత్రం చదువుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోంది. హోమానికి నెయ్యి వేద్దామని చూస్తే గిన్నెలో గడ్డకట్టేసింది, స్రువంతో గీకినా రావట్లేదు. ఆయన చిరాకు పడలేదు. గిన్నెని గుండం అంచున పెట్టి, కరిగేదాకా చేతులు చాచి కాచుకుంటూ, "రారా అబ్బాయ్, నువ్వూ కాచుకో" అన్నారు. పెళ్లికూతురు నవ్వేసింది. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉంది. అయినా అప్పటి నుంచి ఉత్తరాదికి వెళ్లే ప్రతి పెళ్లికీ ఫ్లాస్కులో వేడి నెయ్యి, వధూవరులకి లోపల వేసుకునే థర్మల్స్, మండపం వెనక రెండు హీటర్లు నా లిస్టులో ఉంటాయి.

(దృశ్యం: అరిటాకు. పప్పు, గోంగూర, ముద్ద కలుపుతున్న చేయి.)

భోజనాలు. కోట హోటళ్లు సాధారణంగా బయటి వంటవాళ్లని రానివ్వవు. వాళ్ల షెఫ్ చేసే పప్పు నిజంగా బాగుంటుంది, కానీ పులుపుండదు. బాస్మతి అన్నంలో సాంబారు కలిపి తిన్న మా బాబాయ్ రెండో రోజుకి పెరుగన్నం దగ్గర సెటిలైపోయారు. పూర్తిగా మన వంట చేయనివ్వమని పోట్లాడొద్దు. మన వంట మేస్త్రి ఒక్కరు వాళ్ల వంటింట్లో నిలబడి రుచి చూసుకునేలా ఒప్పించండి. పాత సన్నబియ్యం రెండు బస్తాలు, గోంగూర పచ్చడి, కందిపొడి, ఉలవచారు, పూతరేకులు మనమే తీసుకెళ్లాలి. చెన్నై నుంచి జైపూర్ వెళ్లే సూపర్‌ఫాస్ట్ విజయవాడ మీదుగానే పోతుంది, సామానుతో ఇద్దరు కుర్రాళ్లని ముందే ఎక్కించేయొచ్చు. విస్తరాకులు ఇక్కడి నుంచే. పెళ్లిరోజు ఒక్క పూట ఆకు వేసి వడ్డించినా చాలు, పెద్దవాళ్ల మనసు నిండుతుంది.

ఇప్పుడు ఆ 60 గదులు. గదికి ఇద్దరు చొప్పున నూట ఇరవై మంది. మన వైపు పెళ్లంటే వెయ్యి మంది మామూలే. ఇక్కడ చాలా ఇళ్లల్లో గొడవ మొదలవుతుంది: ఎవర్ని పిలవాలి, ఎవర్ని మానాలి. నాకు తెలిసిన దారి ఒక్కటే. కోటకి రక్తసంబంధీకులు, ప్రాణస్నేహితులు. మిగతా ఊరంతటికీ పెళ్లయ్యాక గుంటూరులోనో విజయవాడలోనో కొత్తజంటతో విందు. ఆ విందు పిలుపు కోట పెళ్లికి ముందే, పెద్దవాళ్లు స్వయంగా వెళ్లి చెప్పాలి. ఇన్‌స్టాలో ఫోటోలు చూశాక పిలిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

డబ్బు గురించి రెండు మాటలు. చెప్పిన రేటు జీఎస్టీతో కలిపా, కాకుండానా అడగండి. రోజుకి 7,500 దాటిన గదికి 18 శాతం పడుతుంది. గదులన్నీ మనమే తీసుకుంటే తప్ప ముంగిలి పూర్తిగా మనది కాదు, పక్కన వేరే టూరిస్టులు తిరుగుతుంటారు. తేదీ మారితే అడ్వాన్స్ సంగతేంటో రాయించుకోండి.

ఇంగ్లండ్‌లో ఉండే పిల్లలు అక్కడి కాజిల్‌లో చేసుకుంటామని అంటున్నారు. చేసుకోవచ్చు. అయితే అక్కడ అనుమతి పొందిన భవనంలో సివిల్ మ్యారేజ్ జరిపేటప్పుడు మతపరమైన తంతు కలపకూడదు. అందుకే చాలామంది రిజిస్ట్రేషన్ విడిగా ముగించి, మన పెళ్లి వేరుగా జరుపుకుంటారు. నిప్పు ప్రశ్న అక్కడా మొదటిదే.

(దృశ్యం: సాయంత్రం. ఇనుప మేకులు పొదిగిన కోట తలుపు. పూలదండలు స్తంభాల మధ్య తాడుతో వేలాడుతుంటాయి, గోడకి ఒక్క మేకూ లేదు.)

ఇన్ని చిక్కులున్నా కోట పెళ్లంటే నాకెందుకిష్టమో చెప్పనా? ఎదురుకోలు. ఫంక్షన్ హాల్లో మగపెళ్లివారు కారు దిగి గ్లాస్ డోర్ తోసుకుని లోపలికొస్తారు. కోటలో అలా కాదు. ఇంత ఎత్తు తలుపు మూసి ఉంటుంది. లోపల ఆడపెళ్లివారు పానకం బిందెలతో, హారతితో నిలబడతారు. బయట సన్నాయి దగ్గరికొస్తుంటుంది. తలుపు కిర్రుమని తెరుచుకుంటుంటే అటువాళ్లూ ఇటువాళ్లూ మొదటిసారి ఒకర్నొకరు చూసుకుంటారు. ఆ క్షణాన గట్టిగా ఉండే మామయ్యలు కూడా కళ్లు తుడుచుకోవడం చూశాను.

గుంటూరు అమ్మాయి ఇదంతా విని, వాళ్ల నాన్నగారితో మాట్లాడి, జైపూర్ వైపు ఒక చిన్న కోట ఖాయం చేసింది. మాఘంలో, సాయంత్రం లగ్నం, నూట పది మంది. మండపం పక్క గది నుంచి మండపానికి బుట్ట దారి ఇరవై రెండు అడుగులు, మెట్లు లేవు, నేనే కొలిచాను. విందు గుంటూరులో.

(దృశ్యం: కొండపల్లి బొమ్మల కాలనీ. తెల్ల పొణికి చెక్క చెక్కుతున్న చేతులు. అరుగు మీద రంగులు ఆరుతున్న అంబారీ ఏనుగులు.)

కొండపల్లిలో పెళ్లి కుదరలేదని తనకి కాస్త బాధ ఉండిపోయింది. అందుకే ఇవాళ షూటింగ్ అయ్యాక కింద బొమ్మల కాలనీకి వచ్చాం. అంబారీ ఏనుగులు నూట పది, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకటి. పెద్దవి రెండు మాత్రం కోట తలుపుకి అటూ ఇటూ నిలబెట్టడానికి. పొణికి చెక్క తేలిక కాబట్టి రైల్లో తీసుకెళ్లడం కష్టం కాదు, తొండాలకి మాత్రం విడిగా పాత చీర చుట్టమని బొమ్మలు చేసే పెద్దాయన చెప్పారు.