వెర్షన్ నంబరును కాదు, కెర్నల్‌నే అడగండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని, అదీ తెలుగులో కెర్నల్ గురించి వినడానికి వచ్చారంటే మీ ఓపికకు ఇంకో నమస్కారం.

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ. అది లోపల ఏం చేస్తోందో రాసిపెట్టే సదుపాయం ఎఫ్‌ట్రేస్, 2008లో లైనక్స్ 2.6.27తో వచ్చింది. ఏ సీపీయూ మీద ఏ ప్రాసెస్ ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది అన్నది కెర్నల్ తన బఫర్‌లో, అంటే మెమరీలో పక్కన పెట్టుకున్న చోట, రాసుకుంటూ పోతుంది. ఆ బఫర్‌ని ముడి బైట్లుగా చదివే టూలు ఒకటుందనుకోండి. కొత్త ఫోన్లలో హాయిగా నడుస్తోంది. దాన్నిప్పుడు నెక్సస్ 5 మీద నడపాలి. 2013 నాటి ఫోను, 32 బిట్ల స్నాప్‌డ్రాగన్ 800, కెర్నల్ 3.4. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ కొట్లలో గాలిస్తే ఇలాంటివి దొరకొచ్చు, బ్యాటరీ సంగతి మాత్రం అడక్కండి.

మొదటి అడ్డంకి చిన్నది. ఎఫ్‌ట్రేస్ ఫైళ్లుండే ట్రేస్‌ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ 2015లో, కెర్నల్ 4.1తో విడిగా వచ్చింది. అంతకుముందు ఆ ఫైళ్లన్నీ డీబగ్‌ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ కింద ఉండేవి. రెండు చోట్లా వెతికితే సరి.

అసలు చిక్కు సైజుల్లో ఉంది. సీపీయూ మీద ఒక టాస్కు, అంటే ప్రాసెస్, దిగి ఇంకోటి ఎక్కినప్పుడల్లా కెర్నల్ రాసుకునే షెడ్‌స్విచ్ ఈవెంటునే తీసుకోండి. అందులో దిగిపోయే టాస్కు స్థితి సీ భాషలోని ‘లాంగ్’ రకం సంఖ్య: 64 బిట్ల కెర్నల్‌లో 8 బైట్లు, 32 బిట్లలో 4. దాని వెనకే ఎక్కబోయే టాస్కు పేరు. అది కొత్త 64 బిట్ల కెర్నల్‌లో 40వ బైటు దగ్గర మొదలైతే, అదే కెర్నల్ 32 బిట్లదైతే 36 దగ్గరే మొదలవుతుంది. 40 అని కోడ్‌లో రాసేసుకున్న టూలుకి అప్పుడు, ఆండ్రాయిడ్‌లో తెర మీది బొమ్మను కూర్చే సర్ఫేస్‌ఫ్లింగర్ అనే ప్రాసెస్ పేరు కాస్తా ముందు నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు తెగి ‘ఏస్‌ఫ్లింగర్’గా కనిపిస్తుంది. క్రాష్ కాదు, ఎర్రర్ రాదు. అదే ప్రమాదం. బఫర్‌లో ఒక్కో పేజీ మొదట్లో ఉండే హెడర్‌లోనూ ఇదే గొడవ: 4096 బైట్ల పేజీలో డేటా 64 బిట్లలో 16 దగ్గర, 32 బిట్లలో 12 దగ్గర మొదలవుతుంది.

‘వెర్షన్ ఇంతకన్నా తక్కువైతే ఇలా చదువు’ అని ఇఫ్‌లు పేర్చడం నాకు నచ్చదు. ఫోను కంపెనీలు పై వెర్షన్ల కోడు తెచ్చి పాత కెర్నల్‌కి అతికిస్తుంటాయి, నంబరు మాత్రం మారదు. పోనీ టూలు తన ‘లాంగ్’ సైజు చూసుకుంటే? 64 బిట్ల కెర్నల్ మీద 32 బిట్ల టూలు నడిస్తే అదీ తప్పే. ప్రతి ఈవెంటుకీ ఫార్మాట్ అని ఒక ఫైలుంది, పేజీకి హెడర్‌పేజ్ ఉంది. ఆఫ్‌సెట్, అంటే ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో అదీ, సైజూ కెర్నలే అందులో రాసి పెడుతుంది. చదువుకోవడమే మన పని.

ఇంకొకటి. ఆ రోజుల ఫోన్లు బ్యాటరీ కోసం ఖాళీగా ఉన్న కోర్లను పూర్తిగా ఆపేసేవి. టూలు మొదలయ్యేటప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్న కోర్లనే లెక్కపెడితే, తర్వాత లేచిన కోరు చేసిన పనంతా కనపడకుండా పోతుంది. ‘ఆన్‌లైన్’ ఫైలు వదిలేసి, ఎప్పుడైనా లేవగల కోర్లన్నీ ఉండే ‘పాసిబుల్’ ఫైలు చదవండి.

మీ డ్రాయర్‌లో రూట్ చేసిన, అంటే సిస్టమ్ ఫైళ్లన్నీ తెరవనిచ్చే, పాత ఫోనుంటే ఈ ఫార్మాట్ ఫైళ్లు, హెడర్‌పేజ్ కాపీ చేసి ఇవ్వండి. బఫర్ బైట్లను విడదీసి చదివే కోడు, అదే పార్సర్, టెస్టులకు అవి చాలు, ఫోను మీ దగ్గరే ఉంచుకోండి.