బేరం నేర్పే కోర్సు

శ్రోతలకు నమస్కారం.

అనంతపురంలో డిగ్రీ చదివే పిల్లల్ని అడిగి చూడండి, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎప్పుడు చేశారని. ఎండాకాలం సెలవుల్లో అంటారు. 2020-21లో డిగ్రీ చదువును మార్చినప్పుడు రాష్ట్రమంతటా ఈ ప్రాజెక్టు పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక 180 గంటలు ఊళ్లో పనిచేయాలి. ఆలోచన మంచిదే. కానీ మే నెలలో మన పల్లెల్లో ఏముంటుంది? మెట్ట చేలన్నీ బీడుగా ఉంటాయి. చాలామంది బెంగళూరుకు పనికి పోయుంటారు. శనక్కాయ విత్తేది జూన్, జూలైలో, పీకేది అక్టోబరు, నవంబరులో. అప్పటికి మన పిల్లలు సెమిస్టరు పరీక్షల టెన్షన్‌లో ఉంటారు. కాయలు కళ్లంలో పోసుకుని రైతు వ్యాపారితో బేరమాడే ఆ నాలుగు వారాలు వాళ్లకు కనపడనే కనపడవు.

మన జిల్లాలో ఏ యూనివర్సిటీ అయినా సోషల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్ కోర్సు పెడితే, ముందుగా ఆ నాలుగు వారాలు క్లాసులు ఆపి పిల్లల్ని కళ్లానికి పంపాలి. కోర్సు పేరు పెద్దదే గానీ విషయం చిన్నది. ఊరికి ఉన్న ఒక ఇబ్బంది తీరాలి, తీర్చే పని తన ఖర్చు తానే సంపాదించుకోవాలి, ఏటా చందా పుస్తకం పట్టుకుని తిరిగే పని ఉండకూడదు.

అలాగని చందాతో నడిచేవాటిని తక్కువ చేయలేం. విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో ఇక్కడ మొదలుపెట్టిన ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, ప్రధానంగా దాతల సొమ్ముతోనే ఇన్నేళ్లుగా బళ్లు, ఇళ్లు, బత్తలపల్లి ఆస్పత్రి చూసుకుంటోంది. చెన్నేకొత్తపల్లి దగ్గర బీడు భూమిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇంకో దారి కూడా చూపించింది. ఆడవాళ్ల పొదుపు సహకార సంఘాలు, ఆపైన ధరణి అనే రైతుల సహకార సంఘం అక్కడి నుంచే వచ్చాయి. రసాయనాలు లేకుండా పండించిన కొర్రలు, శనక్కాయలు సంఘమే కొని, శుభ్రం చేయించి, సొంత పేరుతో అమ్ముతుంది. జబ్బుపడ్డ కూలీ దగ్గర లాభం తీయమని ఆస్పత్రికి చెప్పలేం. కొర్రల బస్తా దగ్గర తీయొచ్చు, తీయాలి కూడా. ఏ పనికి చందా కావాలి, ఏ పని వ్యాపారంగా నిలబడుతుంది అన్నది తేల్చుకోలేని విద్యార్థికి బిజినెస్ ప్లాన్ రాయడం నేర్పి ప్రయోజనం లేదు. పోటీల్లో రంగురంగుల స్లైడ్లు చూపించి కప్పు తెచ్చుకుంటాడు, అంతే.

ఇక లెక్కలు. నా ఉద్దేశంలో కోర్సులో సగం ఇదే ఉండాలి. నార్పల వైపు ఒక చీనీ తోట, అదే బత్తాయి తోట, తీసుకోండి. కాయ కోసిన రోజు విద్యార్థి అక్కడే ఉండి, లోడు వెంట అనంతపురం మార్కెట్ దాకా రావాలి. కోత కూలి ఎంత, లారీ బాడుగ ఎంత, కమిషన్ ఎంత, తూకంలో సూటు, అంటే తరుగు, పేరుతో పోయిన కిలోలు ఎన్ని, పాత అడ్వాన్సు కింద పట్టుకున్నది ఎంత, చివరికి రైతు జేబులోకి వచ్చింది ఎంత? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే, ఏ చోట సంఘం పెడితే ఉపయోగమో ఆ కాగితమే చెబుతుంది. ఆ లెక్క చదవడం నేర్పడానికి ప్రొఫెసర్ ఒక్కరే చాలరు. పదేళ్లుగా పొదుపు సంఘం పద్దులు రాస్తున్న అక్క ఒకరిని గౌరవంగా పిలిచి, గౌరవ వేతనమిచ్చి, క్లాసు చెప్పమనాలి. ఆమెకు డిగ్రీ లేదని ఫైలు తిప్పి పంపే ఆఫీసులుంటాయి, ఆ తిప్పలు పడక తప్పదు.

చట్టం కూడా కొంచెం తెలియాలి. 1995లో మన రాష్ట్రం తెచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం పెట్టొచ్చు. పదిమంది రైతులు కలిస్తే తామే యజమానులుగా ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద కంపెనీ పెడితే లాభం వస్తుంది గానీ సభ్యులు పంచుకోకూడదు. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ ఏమైందో కూడా చెప్పాలి. పేదలకు అప్పు అందించే మంచి పనిగా మొదలైంది వసూళ్ల ఒత్తిడిగా మారి, చివరకు ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. గెలిచినవాళ్ల కథలే చెప్పే కోర్సు నమ్మదగ్గది కాదు.

పిల్లలు మొదలుపెట్టే చిన్న సంస్థల సరుకు మొదట ఎవరు కొంటారు? యూనివర్సిటీయే కొనాలని నా మాట. హాస్టళ్లలో రోజూ వందల మందికి వంట జరుగుతుంది. నూనె, శనగపప్పు, కొర్రలు ఎక్కడో ఒక చోట కొంటూనే ఉన్నారు. అందులో కొంత భాగం విద్యార్థులు పెట్టిన ఈ సంఘాలకు ఇవ్వొచ్చు. టెండరులో తక్కువ ధర రాసినవాళ్లకే పోతుంది కాబట్టి, ఆ కొంత భాగానికి ముందే వేరే నిబంధన రాసుకోవాలి. సరుకు ఇచ్చి బిల్లు కోసం రెండు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగితే వర్కింగ్ క్యాపిటల్, అంటే వ్యాపారం రోజూ నడవడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు, ఏమిటో ఏ పాఠమూ చెప్పనంత బాగా అర్థమవుతుంది. అయితే ఇంటి కొట్టు లాంటి ఈ బేరానికి అలవాటుపడితే బయట అమ్మలేరు. అందుకే ఒక్కో సంఘానికి రెండేళ్లే గడువు పెట్టాలి. మూడో ఏడాది హాస్టల్ కొనదు. వాళ్ల కొర్రలు తాడిపత్రి కిరాణా కొట్లలో వేరేవాళ్ల కొర్రల పక్కన నిలబడి అమ్ముడుపోవాలి.

సెలవు. నమస్కారం.