సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా

అధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, వెనక బెంచీల్లో కూర్చుని ఈయన ఎప్పుడు ఆపుతాడా అని చూస్తున్న పిల్లలకు నమస్కారం. చివర్లో బిస్కట్ ప్యాకెట్లు పంచుతారని నాకూ తెలుసు. మీ మీద దయ ఉంచే మాట్లాడతాను.

గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న, అంటే బాలల దినోత్సవం నాడే మొదలవుతాయి. వారం రోజులు వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు. 20వ తేదీన బహుమతులు ఇచ్చి షామియానా విప్పేస్తాం. 21వ తేదీ సాయంత్రం ఈ పిల్లలు ఎక్కడ ఉంటారు? ఇవాళ నేను మాట్లాడదామనుకున్నది ఆ సాయంత్రం గురించి, దానికి అయ్యే ఖర్చు గురించి. డబ్బు మాటలు ఎక్కువగా వస్తాయి, ఏమీ అనుకోకండి.

ముందు ఒక లెక్క. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా బడి ఏడాదికి 220 రోజులు, 1,000 గంటలు నడవాలి. ఏడాదికి 8,760 గంటలు. పిల్లాడు రోజుకు తొమ్మిది గంటలు పడుకుంటాడు అనుకుంటే 3,285 గంటలు నిద్రకే పోతాయి. మిగిలిన 5,475లో బడివి వెయ్యి తీసేయండి. నాలుగున్నర వేల గంటలు మిగిలాయి. మనం పిల్లల మీద పెడుతున్న ప్రభుత్వ ఖర్చంతా, టీచర్ల జీతాలు, పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం, అన్నీ ఆ వెయ్యి గంటలవే. మిగతా వాటికి పద్దుల్లో పేరే లేదు.

ఆ గంటలు ఇంటివి కదా మాస్టారూ, తల్లిదండ్రులు చూసుకుంటారు కదా అంటారు. నిజమే. పల్లెలో నాట్లకు, కలుపుకు వెళ్లే అమ్మ మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. పట్నంలో బట్టల షాపులో నిలబడే అమ్మ రాత్రి తొమ్మిదిన్నరకు గానీ రాదు. దుగ్గిరాల పసుపు పనికి పోయే అమ్మ సీజన్లో ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు. నాన్న ఆటో నడిపితే సాయంత్రమే బేరాలు. బడి నాలుగింటికి వదిలిపెడుతుంది. ఇంట్లో మనిషి ఏడింటికో తొమ్మిదింటికో వస్తారు. ఈ మధ్య గంటలు ఎవరివి?

డబ్బున్నవాళ్లకు జవాబు దొరికింది. ట్యూషన్, డాన్సు క్లాసు, అబాకస్, షటిల్ కోచింగ్. కేంద్ర ప్రభుత్వం 2025లో చేసిన విద్యా సర్వేలో దేశంలో 27 శాతం మంది విద్యార్థులు ప్రైవేటు కోచింగుకు వెళ్తున్నట్టు తేలింది. పల్లెల్లో కూడా పాతిక శాతం పైమాటే. ఇదంతా చదువు మీద మోజు అని నేను అనుకోను. చాలా ఇళ్లలో ట్యూషన్ ఫీజు అంటే పిల్లాణ్ణి రెండు గంటలు ఎవరో ఒకరు చూస్తున్నందుకు ఇచ్చే కాపలా కూలి. ఒక తల్లి నాతో ఆ మాట నేరుగానే అంది. ‘లెక్కలు వస్తే వచ్చాయి, రాకపోతే పోయాయి సార్. మేం వచ్చేదాకా రోడ్డు మీద ఉండడు కదా.’

ఇప్పుడు నా సొంత కథ ఒకటి. నేను హెడ్మాస్టరుగా పనిచేసిన ఒక ఊళ్లో ఒక ఏడాది సాయంత్రాలు బడి తెరిచి ఉంచాం. పాఠాలు కాదు. వాలీబాల్, క్యారమ్స్, బీరువా తాళం తీసిన లైబ్రరీ, ఎవరైనా అడిగితే హోంవర్కులో సాయం. ముందుగా గుగ్గిళ్లు. గుగ్గిళ్ల మాట తేలిగ్గా తీసుకోకండి. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న పిల్లాడికి నాలుగున్నరకు కడుపు కాలుతుంది. కడుపు కాలేవాడు పుస్తకమూ పట్టడు, బంతీ పట్టడు, పక్కవాడి చొక్కా పట్టుకుంటాడు. మొదటి వారం గుగ్గిళ్లు లేవు, రోజుకు మూడు తగాదాలు తీర్చాను. రెండో వారం నుంచి శనగలు ఉడకబెట్టాం, తగాదాలు దాదాపు పోయాయి.

ఖర్చు ఒక పూర్వ విద్యార్థి పెట్టుకున్నాడు. బాగా నడిచింది. జనవరిలో ఎనిమిదో తరగతి పిల్లాడు బాదం చెట్టెక్కి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాళ్ల నాన్న ఒక్క మాట అనలేదు, ‘ఇంటి దగ్గరైతే కొబ్బరి చెట్టెక్కేవాడు సార్’ అన్నాడు. నాకు మాత్రం పైనుంచి మెమో వచ్చింది. బడి వేళలు అయ్యాక గేటు ఎవరి అనుమతితో తెరిచారు, ఏ ఉత్తర్వు ప్రకారం, ఆ కరెంటు ఏ పద్దులో రాశారు? మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. అడిగినాయన చెడ్డవాడు కాదు, ఆయన ఉద్యోగం ఆయన చేశాడు. నేను గేటుకు తాళం వేశాను. మర్నాటి నుంచి అదే పిల్లలు గోడ దూకి అదే గ్రౌండులో ఆడారు. ఎవరికీ మెమో రాలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. దాత డబ్బుతో శనగలు వస్తాయి, అధికారం రాదు. పద్దు ఉంటేనే ఉత్తర్వు ఉంటుంది, ఉత్తర్వు ఉంటేనే బాధ్యుడు ఉంటాడు. పిల్లాడు పడితే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లాలో కాగితం మీద ఉంటుంది. ప్రభుత్వ డబ్బు కావాలని నేను అడిగేది అందుకు. దాతలు లేకపోవడం వల్ల కాదు.

ఎంతవుతుంది? నలభై మంది పిల్లలకు, ఏడాదికి రెండు వందల సాయంత్రాలకు నేను వేసుకున్న అంచనా ఇది. తినడానికి తలకు 15 రూపాయల చొప్పున లక్షా ఇరవై వేలు. ఆ పదిహేను నేను ఊహించి చెప్పింది కాదు, తెలంగాణలో పదో తరగతి ప్రత్యేక తరగతులకు ఉండే పిల్లల స్నాక్స్‌కు ఇచ్చిన రేటు. పార్ట్ టైం మనుషులు ఇద్దరు, నెలకు ఆరేసి వేలు, పది నెలలు, ఇంకో లక్షా ఇరవై. కరెంటు, బంతులు, పుస్తకాలు ముప్ఫై వేలు. మొత్తం 2 లక్షల 70 వేలు. ఒక పిల్లకు ఒక సాయంత్రానికి 34 రూపాయలు కూడా కాదు. ఆరు వేలకు మనిషి వస్తాడా అంటే, రెండు గంటల పనికి డిగ్రీ చదివి గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న కుర్రాళ్లు వస్తారు. నిజానికి అది తక్కువ జీతమే, పెంచగలిగితే పెంచాలి.

ఇలాంటిది ఎక్కడన్నా ఉందా అని మీరు అడుగుతారు. మా అమ్మాయి వాళ్లు కాలిఫోర్నియాలో ఉంటారు. అక్కడికి వెళ్లినప్పుడు నాకు గుళ్లూ మాల్సూ చూపించారు. నాకు నచ్చింది మాత్రం ఒక చట్టం. 2002 నవంబరులో ఆ రాష్ట్ర ప్రజలు బడి తర్వాతి కార్యక్రమాలకు డబ్బు కేటాయించాలని ఓటేశారు. ప్రతిపాదన 49 అంటారు. దాన్ని భుజాన వేసుకుని తిరిగింది సినిమా నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, అప్పటికి ఇంకా గవర్నర్ కాలేదు. ఓటు వేసిన మర్నాడే డబ్బు రాలేదు, రాష్ట్ర ఆదాయం ఒక స్థాయికి పెరిగాకే ఇవ్వాలన్న మెలిక ఉంది. 2006-07 నుంచి ఏడాదికి 55 కోట్ల డాలర్లు రావడం మొదలైంది. దాని షరతులు వినండి. బడి వదిలిన నిమిషం నుంచి మొదలుపెట్టాలి, కనీసం సాయంత్రం ఆరు దాకా నడపాలి. ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. చదువుకు సాయం ఉండాలి, ఆటో పాటో బొమ్మలో ఉండాలి, తినడానికి ఉండాలి. మొదట్లో డబ్బు ఒక్కో పిల్లకు రోజుకు ఏడున్నర డాలర్ల చొప్పున. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బళ్లకు ముందు. మన తెలుగువాళ్ల పిల్లలు చాలామంది అక్కడ కూడా ఫీజు కట్టే ప్రైవేటు సెంటర్లకే వెళ్తారు, అది వేరే కథ.

అమెరికా నుంచి నేర్చుకోవలసిన చేదు పాఠం కూడా ఉంది. బడి తర్వాతి గంటలకే అక్కడి కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి ఉంది, దానికి 1998లో 4 కోట్ల డాలర్లు, 2002 నాటికి 100 కోట్లు. అంత వేగంగా పెరిగింది. 2003లో ఒక మూల్యాంకనం వచ్చింది. ఈ సాయంత్రం సెంటర్లకు వెళ్లిన పిల్లల చదువు పెద్దగా మెరుగుపడలేదు అంది. వెంటనే ప్రభుత్వం డబ్బు 60 కోట్లకు తగ్గిద్దామంది. కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఒప్పుకోలేదు కాబట్టి నిలిచింది. 2017లో మొత్తం తీసేద్దామన్నారు, అప్పుడూ నిలిచింది. 2025 జులైలో కొన్ని వారాలు విడుదల ఆపి మళ్లీ ఇచ్చారు. అంటే సాయంత్రానికి ఇచ్చే డబ్బుకు ఎప్పుడూ కత్తి వేలాడుతూనే ఉంటుంది. తప్పంతా కోతపెట్టిన వాళ్లదేనా? కొంత అడిగినవాళ్లది కూడా. మార్కులు పెరుగుతాయని చెప్పి డబ్బు తెచ్చుకున్నారు, మార్కులు పెరగకపోయేసరికి జవాబు లేదు. నాలుగు నుంచి ఏడు దాకా పిల్ల భద్రంగా ఉంది, తిన్నది, ఒక పెద్ద మనిషి దాన్ని పేరు పెట్టి పిలిచాడు, ఇది చాలు అని మొదటే చెప్పి ఉండాల్సింది. మనం అడిగేటప్పుడు దయచేసి పదో తరగతి ఉత్తీర్ణత శాతం ఎత్తకండి. ఎత్తామా, దాన్ని స్టడీ అవర్ చేసేస్తారు. క్యారమ్ బోర్డు మళ్లీ బీరువాలోకి పోతుంది.

సరే, డబ్బు ఎక్కడిది? మీలో ఇంటి పన్ను కట్టినవాళ్లు చేతులెత్తండి. బాగుంది. ఆ రసీదు ఎప్పుడైనా చదివారా? అందులో గ్రంథాలయ పన్ను, అదే సెస్సు, అని ఒక గడి ఉంటుంది. రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను రెండు వేలైతే 160 రూపాయలు గ్రంథాలయానివి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మునిసిపాలిటీ, పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఏడాదికి పది కోట్ల ఆస్తి పన్ను వసూలయ్యే పట్టణం అనుకోండి, సెస్సు 80 లక్షలు. అందులో పావలా వంతు, 20 లక్షలు, పిల్లల సాయంత్రాలకని పక్కన పెడితే నేను చెప్పిన లెక్కన ఏడు సెంటర్లు నడుస్తాయి.

ఇక్కడే గుట్టుంది. కాలిఫోర్నియావాళ్లు చట్టం చేసి డబ్బుకు తాళం వేశారు. మనం అంతకు నలభై ఏళ్ల ముందే వేశాం. తాళం ఉంది, పెట్టె ఖాళీ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సు గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం పాత జబ్బు. ఏ పార్టీ పాలనలో అని అడగకండి, అన్నిట్లోనూ. ఇంకో ఖర్చు మీద పడినప్పుడు చేతిలో ఉన్న డబ్బు వాడేసుకుంటారు. అడిగేవాడు లేడు. లైబ్రరీలో కూర్చునే ముసలివాళ్లం మేం పేపరు కోసం పోట్లాడుకుంటాం గానీ సెస్సు కోసం పోట్లాడం.

అయితే ఆ సెస్సు గ్రంథాలయ పనికే వాడాలి, గుగ్గిళ్లకు వాడకూడదు. గుగ్గిళ్లు మధ్యాహ్న భోజనం ఖాతాలో అదనంగా రావాలి, అందుకు రాష్ట్రం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. బంతులకు సమగ్ర శిక్ష కింద హైస్కూలుకు ఏడాదికి 25 వేల దాకా క్రీడల గ్రాంటు ఉంది. చోటు, పుస్తకాలు, మనిషి మాత్రం సెస్సు నుంచి. ఇంకో సంగతి చూడండి. శాఖా గ్రంథాలయం వేళలు ఏమిటి? ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. మన పిల్లలు ఎవరికీ కాకుండా పోతున్న వేళ, సరిగ్గా అదే వేళ, పన్ను డబ్బుతో ఒక తలుపు తెరిచి ఉంటోంది. లోపల పోటీ పరీక్షల కుర్రాళ్లు, నాలాంటి రిటైర్డువాళ్లు. పిల్లలు వస్తే ‘ష్’ అంటాం.

పక్కనే కర్ణాటకలో గ్రామ పంచాయతీ లైబ్రరీలను గ్రామీణాభివృద్ధి శాఖ చేతిలోకి తీసుకుని, 2020లో ‘ఓదువ బెళకు’ అని ఒక కార్యక్రమం పెట్టింది. చదువు వెలుగు అన్నమాట. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఉచిత సభ్యత్వం. కొత్త భవనాలు కట్టే దాకా ఆగలేదు, ఉన్నవాటికే పిల్లలను పిలిచారు. మనకు పిలవడం కొత్తా? ఇక్కడే, కొల్లిపర పెదవడ్లపూడి మధ్య కాలువలో 1935లో పాతూరి నాగభూషణం గారు పడవ మీద గ్రంథాలయం నడిపారు. మనుషులు పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకాన్నే మనుషుల దగ్గరికి తెప్పించారు.

ఆడపిల్లల గురించి చెప్పకపోతే ఈ మాటలన్నీ మగపిల్లల గ్రౌండు గురించే అవుతాయి. ఈ నెలలో ఐదున్నర దాటితే చీకటి. సాయంత్రం సెంటర్ పెట్టాం అంటే ఆడపిల్లలు రారు, రానివ్వరు. తమ్ముణ్ణి అంగన్‌వాడీ నుంచి తెచ్చేది, నీళ్లు పట్టేది, అన్నం పొయ్యి మీద పెట్టేది వాళ్లే. కాబట్టి తమ్ముణ్ణి వెంట తెచ్చుకోనివ్వాలి. తలుపున్న బాత్రూం ఉండాలి. ఇద్దరు పనివాళ్లలో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. ఇల్లు చేరేదాకా వీధి దీపాలు వెలగాలి. నేను నడిపిన ఏడాది ఇవేవీ ఆలోచించలేదు. నలభై మందిలో ఆడపిల్లలు ఆరుగురే వచ్చారు, అదీ మొదటి నెల. అది నా తప్పే.

తొమ్మిది, పది తరగతుల వాళ్ల సంగతి వేరు. వాళ్లకు గుగ్గిళ్లు పెట్టి కథలు చెబితే కూర్చోరు. వాళ్లకు పని అప్పజెప్పాలి. చిన్నవాళ్ల ఆటకు రిఫరీ, పుస్తకాల రిజిస్టరు, కంప్యూటర్ ఉంటే దాని తాళం. పేచీకోరు అని పేరుపడ్డ కుర్రాడికి నేను వాలీబాల్ నెట్టు అప్పగించాను. బడి మూసేశాక కూడా వారం రోజులు దాన్ని ఇంటికి తీసుకెళ్లి మడతపెట్టుకుని తెచ్చాడు.

పిల్లలు బిస్కట్ల వైపు చూస్తున్నారు. ఒక్క నిమిషం. పేపర్లు పెట్టే బల్ల మీద రెండు కాగితాలు ఉంచాను. ఒకటి సమాచార హక్కు చట్టం కింద నేను వేయబోయే దరఖాస్తు. మన ఊళ్లో గత ఐదేళ్లలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని రెండే ప్రశ్నలు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. రెండోది ఈ లైబ్రరీలో పిల్లలకు సాయంత్రం ఒక గది కావాలనే అర్జీ. దానికి మీ సంతకాలు కావాలి. సంతకం పక్కన ఇంటి పన్ను రసీదు నంబరు రాస్తే ఇంకా మంచిది, మన డబ్బే అడుగుతున్నామని వాళ్లకు తెలుస్తుంది. ఇవాళ రసీదు తేలేదంటే రేపు తెండి, ఎల్లుండి తెండి. నేను నాలుగు నుంచి ఏడు దాకా ఇక్కడే ఉంటాను. శుక్రవారం మాత్రం రాకండి, లైబ్రరీకి సెలవు.