ఇంగ్లండ్‌లో లీజ్‌హోల్డ్ ఫ్లాట్: ఆరేళ్ల తర్వాత నా రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూలో వంటగది లేదు, బాల్కనీ లేదు. చూపించేది ఇదిగో, ఈ కాగితాల కట్ట. నలభై రెండు పేజీలు. దీన్నే లీజు అంటారు. 2018లో ఇక్కడ ఫ్లాట్ కొన్నాననుకున్నాను, నిజానికి కొన్నది దీన్ని. ఆ సంగతి 2024లో అమ్మబోతే గానీ బుర్రకెక్కలేదు. మార్కులు ముందే చెప్పేస్తాను: ఫ్లాట్‌కి పదికి ఎనిమిది, లీజుకి మూడు.

మన ఊళ్లో అపార్ట్‌మెంట్ కొంటే స్థలంలో కూడా వాటా రాస్తారు కదా, ఇన్ని గజాలు అన్‌డివైడెడ్ షేర్ అని. రేపు బిల్డింగ్ కూలినా ఆ గజాలు మనవే. ఇంగ్లండ్, వేల్స్‌లలో లీజ్‌హోల్డ్ ఫ్లాట్‌కి ఆ వాటా ఉండదు. నేల ఫ్రీహోల్డర్‌ది, అంటే అసలు యజమానిది. మనం కొనేది ఆ ఫ్లాట్‌లో ఇన్నేళ్లు ఉండే హక్కు మాత్రమే. మన పేరు ల్యాండ్ రిజిస్ట్రీలో ఎక్కినా అంతే. స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు, హాయిగా వేరే వీడియో చూసుకోండి.

ఇదిగో, మూడో పేజీ. కెమెరా దగ్గరికి పెడుతున్నాను. ‘24 జూన్ 2004 నుంచి 99 ఏళ్లు’. అంటే 2103లో అయిపోతుంది. నేను కొన్నప్పుడు 85 ఏళ్లు మిగిలాయి. అప్పటికి నా వయసు ముప్పై నాలుగు. నాకే కాదు, మనవళ్ల దాకా సరిపోతుందిలే అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

ఎందుకంటే ఇక్కడ చూసుకోవాల్సింది సున్నా కాదు, 80. మిగిలిన ఏళ్లు 80 కంటే తగ్గాయంటే, లీజు పొడిగించినందువల్ల ఫ్లాట్‌కి ఎంత విలువ పెరుగుతుందో అందులో సగం ఫ్రీహోల్డర్‌కి అదనంగా కట్టాలి. దాని పేరు మ్యారేజ్ వాల్యూ. పెళ్లి లేదు గానీ కట్నం ఉంది! 2024లో వచ్చిన సంస్కరణ చట్టంలో దీన్ని ఎత్తేయాలని రాశారు. కానీ నేను ఈ వీడియో తీసేనాటికి ఆ భాగం అమల్లోకి రాలేదు.

నాది 80 దిగినది 2023 జూన్‌లో. పొడిగించే నోటీసు ఆ లోపే ఇచ్చి ఉంటే ఆ సగం గొడవ ఉండేది కాదు. ఆ నెల నేనేం చేశానో తెలుసా? సోఫా మార్చాను.

అమ్మేటప్పుడు, లీజు 80 ఏళ్ల కంటే తగ్గిందని కొనేవాళ్ల బ్యాంకు నసపెట్టింది. చివరికి మా సొలిసిటర్, అంటే లాయరు, దారి చూపించారు. పొడిగింపు కోసం సెక్షన్ 42 నోటీసు నా పేరున ఇచ్చి, ఆ హక్కుని అమ్మకంతో పాటే కొనేవాళ్లకి బదలాయించాం. ధర తగ్గించక తప్పలేదనుకోండి. అప్పట్లో పొడిగింపు అడగాలంటే రెండేళ్లు ఓనర్‌గా ఉండాలనే రూల్ ఉండేది, అందుకే ఈ తిప్పలు. 2025 జనవరి 31 నుంచి అది పోయింది. ఇప్పుడు కొన్నవాళ్లు మొదటి రోజు నుంచే అడగొచ్చు.

ఇక గ్రౌండ్ రెంట్ సంగతి, అంటే నేలకని ఏటా ఫ్రీహోల్డర్‌కి కట్టే అద్దె. 2022 జూన్ 30 తర్వాత రాసిన కొత్త లీజుల్లో దాదాపు అన్నిటికీ అది సున్నా. పాత లీజైతే ‘పదేళ్లకోసారి రెట్టింపు’ అన్న లైన్ ఉందేమో వెతకండి. 250 పౌండ్లు చిన్నగానే కనిపిస్తాయి. అలా రెట్టింపవుతూ పోతే యాభై ఏళ్లకి ఏడాదికి 8,000 పౌండ్లు! అలాంటి లైన్ కనిపిస్తే చాలా బ్యాంకులు లోన్ దగ్గరే ఆగిపోతాయి.

సర్వీస్ చార్జ్, అంటే బిల్డింగ్ నిర్వహణకి అందరం పంచుకుని కట్టే ఖర్చు, ఇంకో తలనొప్పి. 2021లో ఒక ఉత్తరం వచ్చింది, సెక్షన్ 20 నోటీసు అని. పైకప్పు మారుస్తున్నాం, మీ వాటా 4,100 పౌండ్లు అని. రిపేర్లకి ఒక్కో ఇంటి వాటా 250 పౌండ్లు దాటుతుందంటే ఫ్రీహోల్డర్ తరఫువాళ్లు ముందుగా ఇలా నోటీసిచ్చి మన మాట అడగాలి. కాబట్టి కొనేముందు మూడేళ్ల లెక్కలు, రిజర్వ్ ఫండ్‌లో (పెద్ద రిపేర్లకని దాచే డబ్బులో) ఎంతుందో, సెక్షన్ 20 నోటీసు ఏదైనా పెండింగ్‌లో ఉందేమో రాతపూర్వకంగా అడగండి. ఇవన్నీ ఎల్‌పీఈ1 అనే ఫారంలో వస్తాయి. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది పోయాక, ఎత్తు బిల్డింగులకి బయటి గోడల ఫైర్ సేఫ్టీ కాగితం, అదే ఈడబ్ల్యూఎస్1, కూడా చాలా బ్యాంకులు అడుగుతున్నాయి.

అమ్మేవాళ్లకి ఒక్కటే మాట: ఆ ఎల్‌పీఈ1 ఫారం ఫ్లాట్ అమ్మకానికి పెట్టిన రోజే తెప్పించండి. నాకు ఏడు వారాలు పట్టింది. ఫీజు కట్టించుకున్నది మాత్రం అదే రోజు.

కోపమొచ్చి సర్వీస్ చార్జ్ ఆపేద్దామనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆపకండి. బాకీ ముదిరితే లీజునే రద్దు చేయమని వాళ్లు కోర్టుకి వెళ్లొచ్చు. బిల్లు అన్యాయంగా ఉందనిపిస్తే ట్రిబ్యునల్ ఉంది. ప్రభుత్వ డబ్బుతో నడిచే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ వాళ్లు ఉచితంగా సలహా ఇస్తారు.

ఇక అద్దెకివ్వడం. అమ్మకు ఒంట్లో బాగోలేక మేం ఒక ఏడాది హైదరాబాద్‌లో ఉండాల్సి వచ్చింది. ఫ్లాట్ ఖాళీగా ఎందుకని అద్దెకి పెట్టబోతే ఇదిగో, పంతొమ్మిదో పేజీ: ఫ్రీహోల్డర్ రాతపూర్వక అనుమతి కావాలి, కిరాయిదారు వచ్చిన నెలలోపు నోటీసు ఇవ్వాలి, దానికో ఫీజు. లోన్ ఉంటే బ్యాంకు పర్మిషన్ వేరే. కొన్ని లీజుల్లో కార్పెట్ తీసి చెక్క ఫ్లోర్ వేయకూడదని కూడా ఉంటుంది. కిరాయిదారు తప్పు చేసినా నోటీసు వచ్చేది మనకే.

రోజువారీ అద్దెకి ఎయిర్‌బీఎన్‌బీలో పెడదామనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. ‘ప్రైవేట్ నివాసంగా మాత్రమే వాడాలి’ అన్న షరతు లీజులో ఉన్న ఒక కేసులో, వరుసగా కొద్దిరోజుల అద్దెలకివ్వడం ఆ షరతుని మీరినట్టే అని 2016లో అప్పర్ ట్రిబ్యునల్ తేల్చింది. నెమ్‌కోవా కేసు అంటారు. మీ లీజులో ఆ మాట ఉంటే మీకూ అదే చిక్కు.

ఒక్క సంగతి మన ఇండియా వెళ్లేవాళ్లు తరచూ మరిచిపోతారు. ఆరు నెలలకి మించి బయట ఉంటే ట్యాక్స్ వాళ్ల దృష్టిలో మీరు నాన్ రెసిడెంట్ ల్యాండ్‌లార్డ్. అద్దెలో ఖర్చులు పోను మిగిలినదాని మీద 20 శాతం పన్ను ఏజెంటే కోసి కట్టాలి. కోత వద్దనుకుంటే ఎన్ఆర్ఎల్1 ఫారం పెట్టుకుని పూర్తి అద్దె తీసుకోవచ్చు, పన్ను లెక్క ఏడాది చివర రిటర్న్‌లో చూపించాలి. నేను ఆ ఫారం కూకట్‌పల్లి నుంచి నింపాను, మధ్యలో కరెంటు పోయి రెండుసార్లు. స్క్రీన్ మీద అది ఎలా నింపాలో వచ్చే వీడియోలో చూపిస్తాను. ఉంటానండి.